రెండు వేళ్ళ ఎత్తు

జనవరి 6

ఒరేయ్ బుడ్డోడా,

నీకు ముప్ఫై తొమ్మిదేళ్ళొచ్చాయని, నెత్తి మీద వెంట్రుకలు లెక్కపెట్టడం తేలికైపోయిందని మరదలు ఫోనులో చెప్పింది. అయినా నేను పిలిచేది ఇలాగే. ఇక్కడ అందరం బాగున్నాం, నా కుడి మోకాలు తప్ప. మెట్లెక్కిన ప్రతిసారీ నేను ఒకప్పుడు ఏం వెలగబెట్టానో అది గుర్తుచేస్తోంది.

ఒక కబురు. మా కాలేజీ వాళ్ళు నన్ను సన్మానిస్తారట. ప్రిన్సిపాల్ స్వయంగా ఫ్యాక్టరీకి వచ్చాడు. నా గదిలో కూర్చుని, కుర్చీ చెయ్యి అటూ ఇటూ నిమిరి, "ఇది మీరు చేసిందేనా మేడమ్?" అన్నాడు. "నాకు మేకు కొట్టడం కూడా రాదండీ, మిషన్లు చేస్తాయి, నేను అమ్ముతాను" అన్నాను. అదేదో గొప్ప మాటన్నట్టు పుస్తకంలో రాసుకున్నాడు. మూడేళ్ళు కాలేజీ తరఫున హర్డిల్స్ పరిగెత్తినందుకు, తర్వాత బల్లలూ కుర్చీలూ చేసి ఎనిమిది వందల మందికి పని కల్పించినందుకు ఈ సన్మానం. ఫిబ్రవరి ఇరవై ఆరున సభ. మైదానం గేటు పక్కన గోడకి ఇత్తడి పలక కూడా పెడతారట. ఆటల వాళ్ళకి ఆ కాలేజీలో పలక పెట్టడం ఇదే మొదటిసారి.

నన్ను మన రెండు వేళ్ళ కథ చెప్పమన్నారు. నేను ప్రతి మీటింగులో చెప్పేదే. వడ్రంగి నాన్న కూతురి కోసం పెరట్లో హర్డిళ్ళు చేసిచ్చాడు, ముప్ఫై మూడు అంగుళాలు ఉండాల్సినవి రెండు వేళ్ళ మందం ఎక్కువ చేశాడు. వాటి మీద దూకీ దూకీ నా కాళ్ళకి ఆ ఎత్తే అలవాటైపోయింది. జట్టు ఎంపిక పోటీ ఫైనల్లో ప్రతి హర్డిల్ మీదా అక్కర్లేని ఎత్తుకి లేచి తేలాను. పది హర్డిళ్ళు, ఒక్కోదాని మీదా ఓ రెప్పపాటు పోయింది. దేశం జట్టులోకి ఇద్దర్నే తీసుకున్నారు, నేను మూడోదాన్ని. "అందుకే నా ఫ్యాక్టరీలో కొలత తప్పదు" అని ముగిస్తే హాలంతా ముందు నవ్వుతుంది, తర్వాత చప్పట్లు కొడుతుంది. కథ అమ్ముడుపోయినంత తేలిగ్గా కుర్చీలు కూడా అమ్ముడుపోవురా.

ఇప్పుడు నీ వంతు. నాన్న ఫొటో ఒకటి కావాలి. ఆ హర్డిళ్ళలో ఒక్కటైనా అటక మీద పడి ఉంటే అదీ కావాలి. స్టేజీ మీద అసలు హర్డిల్ పక్కన పెట్టి తేడా చూపిస్తారట. అమ్మని తీసుకుని నువ్వూ మరదలూ రండి. ముందు వరసలో కుర్చీలు మీవే.

ఇదంతా ఫోనులో చెప్పేదాన్ని. కానీ అమ్మ చట్టం ఒకటుందిగా. నాన్న పోయాక ఆయన పనిముట్లు నా ఆఫీసు హాల్లో అద్దాల బీరువాలో పెడతానని నేనంటే, ఇవ్వనని నువ్వంటే, ఇద్దరం గొంతులు చించుకుంటుంటే, అమ్మ ఫోను లాక్కుని, "ఇక మీరిద్దరూ ఏం చెప్పుకోవాలన్నా కాగితం మీద రాసుకోండి. రాసేలోపు సగం కోపం చస్తుంది" అంది. తొమ్మిదేళ్ళైంది. చట్టం మార్చమని నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు.

వెంటనే జవాబు రాయి.

అక్క


జనవరి 14

అక్కా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ప్రిన్సిపాల్ కుర్చీ నిమిరిన చోట నవ్వింది, ఇత్తడి పలక అనగానే కళ్ళు తుడుచుకుంది. ఏ బట్టలు వేసుకోవాలో ఆ సాయంత్రానికే తేలిపోయింది. చెప్పుల గురించి ఇంకా చర్చ నడుస్తోంది. కళ్ళు సరిగ్గా ఆనకపోయినా అందరూ తన కాళ్ళే చూస్తారని ఆవిడ నమ్మకం.

నాకు చాలా సంతోషంగా ఉంది. ఇరుగూ పొరుగూ అందరికీ నేనే చెప్పాను. లైబ్రరీ వాళ్ళు నూట నలభై పుస్తకాలు బైండింగుకి పంపారు, చెదలు తినగా మిగిలినవి. నాన్న పని చేసుకున్న ముందు గదిలోనే కూర్చుని అట్టలు కోస్తున్నాను. జిగురు వాసనకి మీ మరదలు రోజూ నన్ను విడిచి వెళ్ళిపోతానంటుంది, సాయంత్రానికి టీ తెచ్చిస్తుంది.

ఒక్క మాట. ఆ రెండు వేళ్ళ కథ ఈసారికి వదిలెయ్యవా? నీ దగ్గర చెప్పడానికి ఎన్ని లేవు! ఒక్క రంపం మిషనుతో అద్దె షెడ్డులో మొదలుపెట్టావు. మొదటి ఆర్డరు బల్లలు వానలో తడిసిపోతే నీ దుప్పటి తీసి కప్పావు. అది చెప్పు. నాన్న సంగతి ఎందుకు? అమ్మ ముందు వరసలో ఉంటుంది. చుట్టూ అందరూ ఆయన్ని చూసి నవ్వుతుంటే ఆవిడ ఎటు చూడాలి?

నీ ఉత్తరంలో ఆ ముక్క నేను చదవలేదు. "నాలుగు పేజీలన్నావు, ఇంతలో అయిపోయిందేంట్రా?" అని అడిగింది. అక్కవి పెద్ద అక్షరాలు అన్నాను.

హర్డిళ్ళు ఇప్పుడెక్కడివి అక్కా? ఎప్పుడో చెదలు తినేశాయి. ఫొటో వెతికి పంపుతాను.

తమ్ముడు


జనవరి 22

తమ్ముడూ,

బుడ్డోడా అని మొదలుపెట్టబోయి ఆగాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఒళ్ళు మండింది.

నేను నాన్నని నవ్వులపాలు చేస్తున్నానా? ఎవరైనా వింటే నేను ఆయన మీద కక్షతో తిరుగుతున్నానని అనుకుంటారు. ఆ కథలో నేను నాన్నని ఒక్క మాట తిట్టను. చదువు రాని మనిషి, కూతురి కోసం రోజంతా పని చేసి కూడా పొద్దుగూకాక పెరట్లో కూర్చుని చెక్క చెక్కాడని చెప్తాను. ఒకావిడ ఏడ్చింది కూడా. వడ్రంగి కూతురినని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నీకే ఉన్నట్టుంది. ఆయన పని నేర్చుకోకుండా, సుత్తి ముట్టుకోకుండా, పోయి పోయి జిగురు డబ్బా పట్టుకున్నావు.

అయినా ఆయనకి లేని బాధ నీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకని. కొత్త షెడ్డు తెరిచిన రోజు ఆయన ముందే చెప్పానుగా ఈ కథ. ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. నువ్వూ ఉన్నావు. నేను నాన్న మాటెత్తినప్పుడల్లా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వెందుకు ఉలిక్కిపడతావో నాకు అర్థం కాదు.

నీ మనసులో ఉన్నది ఇంకోటేమో. అక్క పరిగెత్తుతుంటే బట్టలుతికే బండ మీద కూర్చుని "ఒకటీ, రెండూ" అని లెక్కపెట్టింది నువ్వు. నీ పేరు కథలో లేదనా? కావాలంటే చేరుస్తాను. అడిగితే సరిపోయేదానికి ఇంత డొంకతిరుగుడెందుకు?

సన్మానపత్రం చిత్తుప్రతి వచ్చింది. అందులో ఒక వాక్యం: "తండ్రి కొలత తప్పినా, ఆమె గురి తప్పలేదు." పలక మీద కూడా ఇదే చెక్కిస్తారట. నాకు నచ్చింది.

ఫొటో ఇంకా రాలేదు.

అక్క


ఫిబ్రవరి 1

అక్కా,

నా పేరు కథలో చేర్చకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, చేర్చకు.

నాన్న నవ్వాడన్నావు. నవ్వాడు, నేనూ చూశాను. తర్వాత ఇక్కడ ఏం జరిగిందో నువ్వు చూడలేదు. నీ కథ పేపర్లో పడింది. పడిన వారానికి స్టేషనరీ కొట్టాయన అల్మారా చేయించుకోవడానికొచ్చాడు. నాన్న టేపు సాగదీసి గోడ కొలిచి "అరవై రెండు" అన్నాడు. కొట్టాయన జేబులోంచి తన టేపు తీశాడు. "ఏమనుకోకండి, మీ అమ్మాయే చెప్పిందిగా, మీరు కొలిస్తే రెండు వేళ్ళు ఎక్కువొస్తుందని" అన్నాడు. నాన్న నవ్వి, ఆ టేపు అవతలి కొస తనే పట్టుకున్నాడు. అరవై రెండే వచ్చింది.

ఆ తర్వాత అదొక వేళాకోళమైపోయింది. వచ్చిన ప్రతివాడూ టేపు తెచ్చుకునేవాడు. ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు. ఆయన ప్రతిసారీ నవ్వి అవతలి కొస పట్టుకునేవాడు. చివరికి కొలత అవసరం లేని పనులే ఒప్పుకున్నాడు. కుర్చీ కాలు ఊడితే బిగించడం, తలుపు పట్టేస్తే రుద్దడం. నలభై ఏళ్ళు కళ్ళతో చూసి అంగుళం చెప్పిన మనిషి అక్కా.

నేను నిన్ను తప్పు పట్టడం లేదు. ఆ కథ చెప్పొద్దనే అడుగుతున్నాను. కారణం అడగకుండా ఒక్కసారికి నా మాట విను. ఆ వాక్యం పలక మీద చెక్కనివ్వకు. ఇత్తడి మీద చెక్కితే కాగితంలా చింపలేం.

ఫొటో ఇందులో పెట్టాను. నాన్న చెక్కకి చిత్రిక పడుతూ తలెత్తి చూసినప్పటిది.

తమ్ముడు


ఫిబ్రవరి 8

నువ్వు నన్ను తప్పు పట్టడం లేదా? మరి ఆ రెండు పేజీలూ ఏమిటి? నాన్న చేతిలో పని పోవడానికి నేనే కారణమని చెప్పడానికి ఇన్నేళ్ళు ఆగి, సరిగ్గా నా సన్మానం ముందు దొరికిందా నీకు సమయం?

విను. నేను ఓడిపోయిన దాన్ని. ఇరవై ఏళ్ళ వయసులో చేతికందింది జారిపోయింది. ఇంటికొచ్చి ఆ హర్డిల్ పక్కన నిలబడి చూసుకుంటే, మైదానంలో నా తుంటెముక దగ్గర ఉండే కర్ర ఇంట్లో రెండు వేళ్ళు పైన ఉంది. నాన్ననడిగాను, "ఇది నువ్వు కొలిచిందేనా?" అని. మర్నాడు పొద్దున పిలిచి "తప్పు నాదేనమ్మా" అన్నాడు. ఆయన నోటితో ఆయనే అన్నాడు. నేను కల్పించింది ఏమీ లేదు. ఆడలేక మద్దెల ఓడన్నానని నువ్వు అనుకుంటే అనుకో.

నువ్వు రావొద్దు. నీ మొహం చూస్తూ స్టేజీ మీద మాట్లాడలేను. ఇరవై ఐదున కారు పంపిస్తాను, అమ్మని ఎక్కించు. మరదలు వస్తే సంతోషం.

అక్క


ఫిబ్రవరి 14

అక్కా,

ఈ ఉత్తరం నేను పోస్టు డబ్బాలో వేసేదాకా గుమ్మంలో నిలబడతానని మీ మరదలు నిలబడింది. పదిహేనేళ్ళ కాపురంలో నిన్ననే తనకి చెప్పాను. విని, "ఇది నాకు కాదు, మీ అక్కకి చెప్పండి" అంది.

గుమ్మడికాయల దొంగ అన్నావు. ఆ సామెత సరైన చోటే వాడావు.

నాన్న కొలత తప్పలేదు. మీ కోచ్ రాసిచ్చిన కాగితం గోడకి అంటించుకుని ముప్ఫై మూడు అంగుళాలకి చేశాడు. మూడు హర్డిళ్ళు, ఆరు కాళ్ళు. ఎత్తు పెంచింది నేను.

నాకు పదకొండేళ్ళు. నువ్వు నన్ను మైదానానికి తీసుకెళ్ళిన రోజు మీ కోచ్ అందరితో అన్నాడు, "ఇంటి దగ్గర ఎంత కష్టపడితే ఇక్కడ అంత సుఖం" అని. నాకది మనసులో పడిపోయింది. ఇంట్లో ఎత్తుగా దూకితే అక్కడ నీకు తేలికైపోతుందనుకున్నాను. పాత సరుకు పెట్టె విరగ్గొట్టి, వేలు మందం ముక్కలు ఆరు కోసి, హర్డిల్ కాళ్ళ కింద మేకులు కొట్టాను. డబ్బా అడుగున మిగిలిన నల్లరంగు పూశాను. పెరట్లో గడ్డి మోకాళ్ళ దాకా ఉండేది, ఎవరికీ కనబడలేదు. నువ్వు రెండు రోజులు తన్నుకుని పడ్డావు, మూడో రోజు దూకేశావు. నాకెంత సంతోషమో! నా వల్లే నీకు బలం వచ్చిందనుకున్నాను. రెండు నెలలాగి ఇంకో ఆరు ముక్కలు కొట్టాను. నువ్వు అదీ దూకేశావు. బండ మీద కూర్చుని లెక్కపెడుతూ, నువ్వు గెలిచి వచ్చాక చెప్దామనుకున్నాను.

నువ్వు ఓడి వచ్చి నాన్నని అడిగినప్పుడు నేను తలుపు వెనక ఉన్నాను. నువ్వు ఆయనతో ఇంకో మాటన్నావు. "నీ చేత్తో చేసింది ఇక నాకేదీ వద్దు" అన్నావు. నీకు గుర్తుందో లేదో.

మర్నాడు పొద్దున్నే నాన్న పెరట్లోకెళ్ళి ఒక హర్డిల్ తిరగేశాడు. ముక్కలు చూశాడు. వంకర మేకులు చూశాడు. ఆ ఇంట్లో మేకు వంకరగా కొట్టేవాణ్ణి నేనొక్కణ్ణే. పిలిచాడు. కొడతాడనుకున్నాను. పట్కారుతో ఒక్కో మేకూ లాగి, ముక్కలన్నీ నా చేతుల్లో పెట్టి, "పొయ్యిలో వేసెయ్" అన్నాడు. నేను ఏడుస్తూ అక్కకి చెప్తానన్నాను. అప్పుడాయన అన్న మాటలు ఇవి: "చెప్పకురా. ఏడాదిగా నా కళ్ళ ముందున్నవి చూసుకోలేదు, తప్పు నాదే. అక్కకి నీ మీద కోపం వచ్చిందంటే మేం పోయాక దానికెవరూ ఉండరు. నా మీద ఎన్నాళ్ళుంటుంది? నాన్న మీద కోపం ఎన్నాళ్ళుంటుంది?"

పందొమ్మిదేళ్ళుంది అక్కా. పోయేదాకా ఉంది. ఆయన ఎప్పుడూ తగ్గుతుందనే అనుకున్నాడు.

ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన వద్దన్నాడని చెప్పలేదు. పోయాక నాకే చెప్పే ధైర్యం లేకపోయింది. నేను సుత్తి ఎందుకు ముట్టుకోలేదో ఇప్పుడు నీకు తెలుస్తుంది.

హర్డిళ్ళు చెదలు తినలేదు. రెండు విరిగిపోయాయి, ఒకటి పెరట్లోనే ఉంది. అమ్మ దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తుంది.

నన్నేమన్నా పడతాను. ఆ కథ మాత్రం చెప్పకు. కారు వచ్చే రోజు నేను పుస్తకాలివ్వడానికి లైబ్రరీకి పోతాను. అమ్మని మీ మరదలు ఎక్కిస్తుంది.

తమ్ముడు


ఫిబ్రవరి 28

అక్కా,

పేపరు చూశాను. నీ ఫొటో పెద్దగా వేశారు. నీ పక్కన మన హర్డిల్ ఉంది.

కారులో అది ఎలా వచ్చిందో మీ మరదలు చెప్పింది. డ్రైవరు "నాన్నగారి చేతి పని ఏదైనా ఉంటే తెమ్మన్నారు" అంటే, అమ్మ తనే తువ్వాలు తీసేసి "ఇదుగో, మా అమ్మాయి దూకింది" అని ఇచ్చిందట. అమ్మకి ఏమీ తెలియదు. కానీ నీకు తెలుసుగా. నా ఉత్తరం పదహారో పదిహేడో నీకు చేరి ఉంటుంది.

ఫొటో కింద మళ్ళీ అదే రాశారు, తండ్రి కొలత తప్పిందని. నా ఉత్తరం చదివాక కూడా అదే చెప్పావా? నన్ను అందరి ముందూ నిలబెట్టి ఉంటే ఒప్పుకునేవాణ్ణి. నువ్వు మళ్ళీ ఆయన్నే నిలబెట్టావు.

పలక గోడకెక్కిందని కూడా రాశారు.

అమ్మని ఎప్పుడు పంపుతావు? మందులు పది రోజులకే పెట్టాము.

తమ్ముడు


మార్చి 12

ఒరేయ్,

నీ ఉత్తరం పదహారునే వచ్చింది. నేను విప్పలేదు. మళ్ళీ నాన్న కథ వద్దని దెప్పుతావనుకున్నాను. సభ అయ్యాక చదువుదామని సంచీలో పడేశాను. పది రోజులు దాన్ని ఆఫీసుకీ ఇంటికీ మోసుకుంటూ తిరిగాను.

జరిగింది రాస్తాను. నువ్వే చదువు, ఎవరికీ చదివి వినిపించకు.

కారులోంచి హర్డిల్ దింపితే నాకు ఎగిరి గంతేసినంత పనైంది. చెదలు తిన్నాయన్నావు కదా, చూశావా అమ్మ తెలివి అనుకున్నాను. స్టేజీ మీద పెట్టించాను. హాలు నిండిపోయింది. కథ మొదలుపెట్టాను. చెప్పీ చెప్పీ నున్నగా అయిపోయిన కథ, ఎక్కడ ఆగితే నవ్వుతారో నాకు తెలుసు. ఆగాను, నవ్వారు. అప్పుడు కాలేజీ జట్టులో పరిగెత్తే పిల్లొకత్తి అసలు హర్డిల్ తెచ్చి మనదాని పక్కన పెట్టింది.

రెండూ ఒకే ఎత్తున్నాయి.

ఆ పిల్ల మనదాన్ని కాస్త జరిపి మళ్ళీ పెట్టింది. అదే ఎత్తు. ప్రిన్సిపాల్ మంచివాడు, నన్ను కాపాడదామని మైకు తీసుకుని, "ఇన్నేళ్ళు ఎండా వానా తిని పాపం రెండు వేళ్ళు కుంగిపోయినట్టుంది" అన్నాడు. మళ్ళీ నవ్వారు. నేను ఇరవై నాలుగేళ్ళుగా కర్రతో బతుకుతున్నదాన్ని. కర్ర అడ్డంగా కుంచించుకుంటుంది, నిలువుగా కుంచించుకోదు. అంతమందిలో ఆ సంగతి నాకు తెలుసు. మా ఫోర్‌మన్‌కి తెలుసు, ఆయన తల దించుకున్నాడు.

నేను హర్డిల్ తిరగేశాను. కాళ్ళ అడుగున రంగు అంటని చోటు చదరంగా తెల్లగా ఉంది, చుట్టూ మేకుల బొక్కలు, ఒక్కటీ తిన్నగా లేదు. బుడ్డోడా, నాకు నీ ఉత్తరం అక్కర్లేకపోయింది. ఆ బొక్కలు చూడగానే నువ్వు నాలుక బయటపెట్టి సుత్తి రెండు చేతులతో పట్టుకున్నది కనబడింది.

అందరి ముందూ అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. అందరికీ కృతజ్ఞతలు అని కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. పేపరువాళ్ళ దగ్గర కథ ముందే రాసి ఉంది, వేసేశారు. నీ ఉత్తరం చదివి కూడా అలా చెప్పానని నువ్వు అనుకున్నావు. అనుకునేలాంటిదాన్నే నేను. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

తిరిగొస్తుంటే కారులో అమ్మ అడిగింది, "నవ్వారెందుకే?" అని. ఏదో జోకులే అన్నాను. తనే మళ్ళీ అంది, "మీ నాన్న తప్పు కొలిచాడంటే నాకెప్పుడూ నమ్మకం కుదరలేదు. పెళ్ళికి ముందు నా అడుగు ఒక్కసారి మట్టిలో చూసి చెప్పులు తెచ్చిన మనిషి. సరిగ్గా సరిపోయాయి." ఇంటికొచ్చి స్నానాల గదిలో గడియ పెట్టుకుని నీ ఉత్తరం విప్పాను.

ఆ మాట నాకు గుర్తుందా అని అడిగావు. "నీ చేత్తో చేసింది ఇక నాకేదీ వద్దు." నేను మాట మీద నిలబడ్డాను కూడా. నేను మొదటి ఆఫీసు పెట్టినప్పుడు ఆయన రాతబల్ల చేసి, రిక్షాలో వేసుకుని తనే తోసుకుంటూ తెచ్చాడు. మంచినీళ్ళిచ్చి పంపాను. బల్ల వాచ్‌మన్ గదిలో వేయించాను. ఆయన తర్వాత వచ్చినప్పుడు గేటు దగ్గర దాన్ని చూసే ఉంటాడు. మొన్న దాన్ని పైకి తెప్పించాను. కొలవలేదు. నా ఫ్యాక్టరీలో బయటికి వెళ్ళే ప్రతి కుర్చీనీ మూడుసార్లు కొలుస్తారు. నేను ఆ హర్డిల్‌ని ఒక్కసారి తిరగేసి చూడలేదు.

పలక ఊడదీయించాను. ప్రిన్సిపాల్ చాలా బాధపడ్డాడు, "ఆ వాక్యం ఎంత బాగుందో మేడమ్" అన్నాడు. మా నాన్న కొలత తప్పలేదని రాతపూర్వకంగా ఇచ్చాను. పేపరుకీ ఇచ్చాను. లోపలి పేజీలో మూడు లైన్లు వేశారు. ఎత్తు పెంచింది ఎవరో రాయలేదు. అది నాన్న దాచిన మాట, దాన్ని చెప్పే హక్కు నాకు లేదు.

ఇక నీ సంగతి. అబద్ధం చెప్పను. పదకొండేళ్ళవాణ్ణి ఆ స్టేజీ మీదే క్షమించేశాను. వాడి మీద నాకు ముద్దు తప్ప ఏమీ లేదు. ఆ సాయంత్రాలన్నీ నేను దూకుతుంటే చప్పట్లు కొట్టింది వాడొక్కడే. కానీ షెడ్డు తెరిచిన రోజు నాన్న పక్కన నిలబడి, ఆయన నవ్వుతుంటే చూసింది పాతికేళ్ళవాడు. ఆయన పోయినప్పుడు నా పక్కన నిలబడింది ముప్ఫై ఏళ్ళవాడు. ఆయన మంచం పట్టిన నాలుగు నెలల్లో ఒక్క ముక్క చెప్పి ఉంటే, నేను వచ్చి ఆ చేతులు పట్టుకునేదాన్ని. నేను వచ్చి డాక్టరుతో మాట్లాడి, బిల్లు కట్టి వెళ్ళిపోయాను. ఆ నాలుగు నెలలు నాకు ఎవరిస్తారు? వాణ్ణి ఏం చెయ్యాలో నాకింకా తెలియడం లేదు.

అమ్మ ఇక్కడే ఉంది. మందులు తెప్పించాను. వాడెప్పుడొస్తాడని రోజూ అడుగుతోంది. వచ్చేవారం అంటున్నాను. రెండు వారాలుగా అదే చెప్తున్నాను.

నువ్వు రా. వస్తే నీతో మాట్లాడతానో, అరుస్తానో, నీ మొహం చూడలేక లోపలికి వెళ్ళిపోతానో నాకు తెలియదు. నేను నాన్నని క్షమించమని అడగాలి. ఆయన లేడు. ఆయన బదులు అడగడానికి నాకు మిగిలింది నువ్వొక్కడివే, నువ్వేమో నేనింకా క్షమించలేకపోతున్నవాడివి. అయినా రా.

అక్క